డాక్టరు జాన్ స్నో: క్లోరోఫారమును కొలిచి వాడిన వైద్యుడు

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ముదురు గోధుమవన్నె గాజుసీసాయందు భద్రపరుపబడిన ఒక ద్రవమును మా చదువరులలో పెద్ద తరగతుల విద్యార్థులు చూచియుండవచ్చును. అది నీటివలె నిర్మలముగా నుండును. కాని నీటికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువైనది. దాని వాసన తియ్యనిది. దాని పేరు క్లోరోఫారము. ఇంచుమించు నూరేండ్లకాలము ఈ ద్రవము శస్త్రచికిత్స పొందు రోగులకు బాధ తెలియకుండ చేసెను. ఇదే ద్రవము ఆరోగ్యవంతులైన బాలబాలికలను సయితము కొన్ని నిమిషములలో మృత్యుముఖమున ద్రోసెను. ఒకే వస్తువు ఈ రెండు పనులను ఎట్లు చేసెనని విద్యార్థులు అడుగవచ్చును. భేదము వస్తువునందు లేదు; దానిని వాడు చేతియందును, కొలతయందును, కాచుకొనియుండు కంటియందును కలదు. ఈ సత్యమును తన జీవితమంతయు ధారపోసి లోకమునకు చూపిన డాక్టరు జాన్ స్నోగారి చరిత్రమును మేము ఈ సంచికలో సంగ్రహముగా తెలుప నెంచితిమి.

బాల్యము, విద్యాభ్యాసము

జాన్ స్నో ఇంగ్లండు దేశమందలి యార్కు నగరమున 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన జన్మించెను. తండ్రి విలియం స్నో కూలిపని చేసి కుటుంబమును పోషించినవాడు. తొమ్మండుగురు సంతానములో జాన్ జ్యేష్ఠుడు. వారి యిల్లు ఊజ్ నది చెంత పేదలు కాపురముండు వీధిలో నుండెను. ఇట్టి యింట పుట్టిన పిల్లవాడు ఇంగ్లండు రాణికి వైద్యము చేయు నాటికి వచ్చునని ఆ దినములలో ఎవరును తలచియుండరు.

14 సంవత్సరముల ప్రాయమున అతడు న్యూకాసిల్ పట్టణమునకు పోయి, విలియం హార్డ్‌కాసిల్ అను వైద్యునివద్ద శిష్యుడుగా చేరెను. ఆ ప్రాంతమున బొగ్గుగనులు మెండు. 1831వ సంవత్సరమున కలరా ఇంగ్లండులో ప్రవేశించి ఆ ప్రాంతమునకు వ్యాపించినప్పుడు, గురువు అతనిని కిల్లింగ్‌వర్తు గనికూలీలకు ఉపచారము చేయుటకై పంపెను. అప్పటికి స్నో వయస్సు 18 సంవత్సరములే. ఆ కాలమున ఆ వ్యాధికి మందు లేదు, కారణమును తెలియదు. పనివారు గనిలో ఎట్లు తినుచుండిరో, ఎట్లు నీరు త్రాగుచుండిరో అతడు చూచి మనస్సునందుంచుకొనెను.

పదునేడవ యేట అతడు మాంసాహారమును విడిచెను. కొంతకాలమునకు మద్యపానము చేయనని ప్రతిజ్ఞ చేసికొనెను. 1836వ సంవత్సరమున పై చదువులకై లండనునకు బయలుదేరి, వేల్సు దేశము చుట్టి, దారిలో చాలభాగము కాలినడకనే గడచి ఆ మహానగరమును చేరెను. అచ్చట హంటీరియను వైద్యపాఠశాలలో చేరి, 1838లో శస్త్రవైద్యుల పరీక్షలో కృతార్థుడై, 1844లో లండను విశ్వవిద్యాలయమునుండి ఎం.డి. పట్టమును పొందెను. సోహో పేటలో ఫ్రిత్ వీధియందు చిన్న యిల్లొకటి అద్దెకు తీసికొని వైద్యము నారంభించెను. రోగులు మొదట ఎక్కువగా రాలేదు. అతని కంఠధ్వని బొంగురుగా నుండుటచేత వైద్యసభలలో అతడు లేచి మాటలాడినప్పుడు వినువారును అరుదు. అయినను అతడు సభకు పోవుట మానలేదు. తనకు తెలిసినదానిని చెప్పుటయు మానలేదు.

మొదటి పాఠము

స్నోగారు విద్యార్థిగా నున్నప్పుడే జరిగిన యొక సంగతి ఇచ్చట చెప్పదగియున్నది. శరీరనిర్మాణము నేర్చుకొనుటకై విద్యార్థులు శవములను కోసి చూచుట వైద్యపాఠశాలలలో పరిపాటి. శవములు త్వరగా చెడిపోకుండుటకై వానిలోనికి ఆర్సెనిక్, అనగా పాషాణము కలిపిన ద్రవమును ఎక్కించు పద్ధతి అప్పుడు క్రొత్తగా వచ్చెను. శవములు నిలిచెను గాని వానివద్ద పనిచేసిన విద్యార్థులకు వాంతులు మొదలగు బాధలు కలిగెను. పాషాణము కడుపులోనికి పోనిదే హాని చేయదనియే అందరి తలంపు. స్నో ఈ మాటతో తృప్తిపడక పరీక్షలు చేసి, శవము క్రుళ్ళునప్పుడు ఆ పాషాణము వాయురూపమున గాలిలో కలియుచున్నదని కనుగొనెను. 1838లో లాన్సెట్ అను వైద్యపత్రికకు ఈ సంగతి వ్రాసి తెలిపెను. కంటికి కనబడనిది, చేతికి అంటనిది ఊపిరిద్వారా లోపలికి పోయి హాని చేయగలదు అనునది అతడు ప్రయోగశాలలో నేర్చిన మొదటి పాఠము. తరువాతి ఇరువది యేండ్లును అతడు ఈ పాఠమునే విడువక చదివెనని చెప్పవచ్చును.

ఈథరు వచ్చుట

1846వ సంవత్సరమునకు పూర్వము శస్త్రచికిత్స యనిన భయంకరమైన మాట. రోగిని నలుగురు పట్టుకొనగా, వైద్యుడు ఎంత వేగముగా కోసిన అంత సమర్థుడని పేరు పొందెడివాడు. ఆ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బాస్టను నగరమున ఈథరు అను ద్రవముయొక్క ఆవిరిని పీల్పించి, బాధ తెలియకుండ శస్త్రచికిత్స చేసి చూపిరి. డిశంబరు నెలలోనే ఆ విద్య లండనును చేరెను. స్నో దానిని కన్నులార చూచెను.

లండనులోని వైద్యులనేకులు ఈథరును వాడి చూచిరి. కొందరు రోగులు హాయిగా నిద్రించిరి, కొందరికి మత్తు రాలేదు, కొందరు పెనుగులాడిరి. ఈ వస్తువును నమ్మరాదని కొందరు విసిగి విడిచిపెట్టిరి. స్నో మాత్రము ఆవిరి ఎంత లోపలికి పోవుచున్నదో ఎవరైన కొలిచిరా యని ప్రశ్నించుకొనెను. ఎవరును కొలువలేదు. గాలి వెచ్చగానున్న దినమున ఎక్కువ ఆవిరిని, చల్లగానున్న దినమున తక్కువ ఆవిరిని గ్రహించును. పైగా, మట్టికుండలోని నీరు ఆవిరియగుచు కుండను చల్లబరచునట్లే, ఈథరు ఆవిరియగుచు తన పాత్రను తానే చల్లబరచుకొనును. కావున మొదటి నిమిషమున వచ్చినంత ఆవిరి ఐదవ నిమిషమున రాదు. 1847 జనవరి నెలలోనే స్నో, ఏ ఉష్ణమువద్ద గాలి ఎంత ఈథరును గ్రహించునో తెలుపు పట్టికను సిద్ధపరచి వైద్యసభలో చదివెను. తగిన వెచ్చదనముగల నీటిలో ఉంచి వాడు యంత్రము నొకదానిని కల్పించెను. రోగి మత్తులోనికి పోవు క్రమమును ఐదు దశలుగా విభజించి, ఏ దశయందు శస్త్రము పెట్టవచ్చునో, ఏ దశ అపాయకరమో వివరించు గ్రంథమును ఆ సంవత్సరమే ప్రకటించెను. అంతకుముందు ఎవరును వినని బొంగురు కంఠమును లండనులోని పెద్ద వైద్యులు పిలిపించుకొని వినసాగిరి.

క్లోరోఫారము, దాని మొదటి బలి

క్లోరోఫారమును 1831వ సంవత్సర ప్రాంతమున అమెరికాలో గత్రీ, ఫ్రాన్సులో సూబేరాన్, జర్మనీలో లీబిగ్ అను మువ్వురు ఒకరి సంగతి యొకరికి తెలియకయే తయారుచేసిరి. పదునారేండ్లవరకు దానివలన గొప్ప ప్రయోజనమేదియు కనబడలేదు. 1847 నవంబరు 4వ తేదీ రాత్రి స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమందలి డాక్టరు జేమ్సు సింప్సను, ఇద్దరు వైద్యమిత్రులతో కూడ తన భోజనశాలలో దానిని పీల్చి చూచెను. మువ్వురును స్మృతి తప్పి పడిపోయిరి. ఈథరుకంటె ఇది వేగముగా పనిచేయును, వాసన ఇంపు, యంత్రముతో పనిలేదు, చేతిరుమాలుమీద కొంచెము పోసి ముక్కువద్ద పెట్టిన చాలును. కొన్ని వారములలోనే ఐరోపాయంతట దాని వాడుక వ్యాపించెను.

మూడు నెలలైనను నిండలేదు. 1848 జనవరి 28వ తేదీన, స్నో విద్య నేర్చిన న్యూకాసిల్ పట్టణమునకు సమీపమున విన్‌లేటను అను గ్రామములో హానా గ్రీనర్ అను 15 సంవత్సరముల బాలిక కాలివ్రేలి గోరు తీయించుకొనుటకై కూర్చుండెను. అంతకుముందు ఇట్టి చికిత్సయే ఈథరుతో చేయగా ఆమెకు ఏ హానియు కలుగలేదు. ఈసారి గుడ్డమీద ఒక చెంచాడు క్లోరోఫారము పోసి ముక్కువద్ద పట్టిరి. కొద్ది నిమిషములలో ఆమె ప్రాణము పోయెను. క్లోరోఫారమువలన చనిపోయినట్లు ప్రసిద్ధికెక్కిన మొదటి రోగి ఆమెయే.

సింప్సనుగారు ఈ మరణము క్లోరోఫారమువలన కాదనియు, ఆమెను తెలివికి తెచ్చుటకై నోటిలో పోసిన నీరును సారాయియు ఊపిరికి అడ్డుపడి ఆమె మరణించెననియు వాదించెను. స్నో ఈ వాదము నంగీకరింపలేదు. గుడ్డమీద పోసిన ద్రవము ఎంత ఆవిరియై ఎంత గాలితో కలిసి ఏ పాళమున లోపలికి పోయినదో ఎవరును చెప్పలేరు. ఒక్క ఊపిరిలో అల్పము, మరియొక ఊపిరిలో అధికము పోవచ్చును. మామూలు గది వెచ్చదనమున, అనగా 20 డిగ్రీల సెంటీగ్రేడువద్ద, గాలి నూటికి ఇంచుమించు 20 పాళ్ళవరకు క్లోరోఫారము ఆవిరిని గ్రహింపగలదు. తల్లి బిడ్డకు ఆముదము పట్టునప్పుడు ఉగ్గుగిన్నెతో కొలిచి పట్టును గాని సీసానెత్తి నోటిలో కుమ్మరింపదు. ఆముదమునకే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, ప్రాణమును బిగబట్టు మందునకు ఎంత జాగ్రత్త కావలెను? స్నోగారి ఆలోచన యిదియే.

కొలత, కాపుదల

స్నో తన యింటియందే చిన్న ప్రయోగశాల నేర్పరచుకొని జంతువులమీద పరీక్షలు చేసెను. గాలిలో నూటికి నాలుగైదు పాళ్ళు ఆవిరి యున్నచో మత్తు క్రమక్రమముగా వచ్చును; అతిగా సాగించినను మొదట ఊపిరి నిలిచి, గుండె కొంతసేపు కొట్టుకొనును; ఆ వ్యవధిలో స్వచ్ఛమైన గాలి నిచ్చి ప్రాణము నిలుపవచ్చును. కాని ఎనిమిది, పది పాళ్ళు ఉన్నచో ఆవిరి నేరుగ గుండెకు తగిలి దానిని తటాలున నిలుపును. అప్పుడు చేయదగిన ఉపాయము మిక్కిలి స్వల్పము. కావున నూటికి ఐదు పాళ్ళకు మించనీయరాదని అతడు నియమము పెట్టెను. ఇందుకై చుట్టును చల్లని నీరు నిలుచునట్లు లోహముతో ఒక పాత్రను చేయించి, ముఖముపై నుంచు తొడుగునకు వెలుపలి గాలిని కావలసినంత రానిచ్చు మూతను అమర్చెను. ప్రారంభమున స్వచ్ఛమైన గాలి నెక్కువగా ఇచ్చి, రోగి అలవాటుపడిన కొలది మూతను కొంచెము కొంచెముగా మూయుచుండెను. ఒక చేయి మూతమీద నుండగా అతని దృష్టి రోగియొక్క ఊపిరి, నాడి, కండ్లు, ముఖవర్ణముల మీదనే యుండెడిది.

తాను చూచిన ప్రతిరోగిని గూర్చియు అతడు దినచర్య పుస్తకములో వ్రాసికొనెను. నాలుగువేలకు పైగా రోగులకు అతడు క్లోరోఫారము నిచ్చెను. ఇతర వైద్యులచేతులలో మరణము సంభవించెనని వినిన, ఆ వివరములను తెప్పించి పరిశీలించెను. నిందించుట అతని ఉద్దేశము కాదు. మరియొకరికి అట్లు జరుగకుండుటయే.

ఆ దినములలో దొంగలు చేతిరుమాలుమీద క్లోరోఫారము పోసి, దారిన పోవువారి ముక్కువద్ద పట్టి, తత్‌క్షణమే మూర్ఛపుచ్చి దోచుకొనుచున్నారని వదంతులు పుట్టెను. ప్రభుత్వమువారు శాసనము చేయ యత్నించిరి. అది ఒక్క క్షణములో ఎవరిని మూర్ఛపుచ్చజాలదని స్నో 1851లో బహిరంగముగా వ్రాసి ఖండించెను. ఇప్పటికిని చలనచిత్రములలో ఈ అబద్ధము కనబడుచునే యున్నది. భయపడవలసినదానికి భయపడుట ఎంత ముఖ్యమో, లేని గుణములను కల్పింపకుండుటయు అంత ముఖ్యమే.

రాణిగారి చికిత్స

1853 ఏప్రిల్ 7వ తేదీన విక్టోరియా మహారాణిగారు తమ ఎనిమిదవ సంతానమైన లియోపోల్డు రాజకుమారుని ప్రసవించు సమయమున స్నోగారిని పిలిపించిరి. ఆయన తన యంత్రమును గాక చేతిరుమాలునే వాడెను. కాని అప్పుడును కొలత మానలేదు. ప్రతిసారియు పదునైదు బొట్లు మాత్రమే కొలిచి పోసి, 53 నిమిషములపాటు మెల్లగా పీల్పించెను. లాన్సెట్ పత్రిక ఇది అనావశ్యకమైన సాహసమని ఆక్షేపించెను. అయినను రాణిగారు స్వీకరించినదానిని ప్రజలును స్వీకరించిరి. 1857లో బియాట్రిసు రాజకుమారి జననమునకును ఆయననే పిలిపించిరి.

ఆయన స్నేహితుడు డాక్టరు రిచర్డ్‌సన్ ఒక వినోదమును చెప్పియున్నాడు. మాటకారియైన యొక స్త్రీ, రాణిగారు క్లోరోఫారము పీల్చునప్పుడు ఏమని పలికిరో చెప్పినగాని తాను పీల్చనని పట్టుపట్టెను. రాణిగారు తగినంత పీల్చువరకు ఏ ప్రశ్నయు వేయలేదనియు, ఆమెయు అట్లే చేసినచో అంతయు చెప్పెదననియు స్నో సమాధానమిచ్చెను. ఆమె పీల్చి నిద్రించెను; మేల్కొనునప్పటికి వైద్యుడు వెళ్ళిపోయెను. రోగుల రహస్యములను కాపాడుటయు వైద్యధర్మమే గదా.

ఎమిలీను వృత్తాంతము

క్లోరోఫారముకంటె నిరపాయమైన మందు దొరకునేమో యని స్నో ఎడతెగక వెదకుచుండెను. ఏ క్రొత్త ద్రవమునైనను ముందు జంతువులమీద పరీక్షించి, పిదప తానే పీల్చి చూచి, ఆపైననే రోగులకిచ్చెడివాడు. 1856లో ఎమిలీను అను ద్రవమును చేపట్టెను. మొదట అది మేలైనదిగా కనబడెను. 238 మారులు ఇచ్చినపిమ్మట లెక్క చూడగా, అందులో రెండుమారులు రోగి మరణించియుండెను. స్నో ఆ రెండు మరణములను దాచలేదు. రెంటిని గూర్చియు సవిస్తరముగా ప్రకటించి, ఆ మందును వాడుట మానివేసెను. తాను కనుగొనినది మంచిదని నిరూపించుకొన గోరువారు లోకమున పెక్కుమంది. తాను కనుగొనినదానిలో కీడు చూచి తానే ప్రకటించువారు అరుదు. స్నోగారి జీవితమున మేము అన్నిటికంటె మిన్నగా ఎంచునది ఈ ఘట్టమే.

ఈ మధ్యనే, 1854లో, లండనులోని బ్రాడ్ వీధియందు కలరా చెలరేగగా, చనిపోయినవారి యిండ్లను లెక్కపెట్టి, ఒక నీటిపంపే దానికి మూలమని చూపి, సెప్టెంబరు 8వ తేదీన దాని పిడిని తీయించినవాడును ఈ స్నోగారే. ఆ కథ సుప్రసిద్ధమగుటచే ఇచ్చట విస్తరింపము. గాలిలోని ఆవిరిని కొలిచిన మనస్సే నీటిలోని వ్యాధిని పట్టుకొనెనని మాత్రము చెప్పుచున్నాము.

అవసానము

1858 జూన్ 10వ తేదీన, క్లోరోఫారమును గూర్చిన పెద్ద గ్రంథమును ముగించుచుండగా స్నోగారికి పక్షవాతము వచ్చెను. జూన్ 16వ తేదీన 45 సంవత్సరముల ప్రాయమున మరణించెను. ఆయన వివాహము చేసికొనలేదు. క్లోరోఫారముచే సంభవించిన ఏబది మరణములను ఒక్కొక్కటిగా విమర్శించిన ఆ గ్రంథమును రిచర్డ్‌సన్‌గారు ఆ సంవత్సరమే ప్రకటించిరి. మరణానంతర పరీక్షలో స్నోగారి మూత్రపిండములు చెడియున్నట్లు కనబడెను. ఏండ్లతరబడి తనమీద తాను చేసికొనిన పరీక్షలే దీనికి కొంత కారణమై యుండునని తరువాతి వైద్యులలో కొందరు అనుమానించిరి. అది నిరూపితము కాలేదు.

హైదరాబాదులో జరిగిన వాదము

స్నోగారు మరణించిన ముప్పదియేండ్లకు ఈ విషయమున గొప్ప చర్చ మన హైదరాబాదు నగరముననే జరిగెనని మా చదువరులలో కొందరికి తెలియకపోవచ్చును. అచ్చటి వైద్యపాఠశాలకు అధ్యక్షుడైన డాక్టరు ఎడ్వర్డు లారీ, ఎడింబరోలో విద్య నేర్చినవాడు. క్లోరోఫారము గుండెను నేరుగ నిలుపదనియు, ముందు ఊపిరియే నిలుచుననియు, కావున ఊపిరిని కనిపెట్టియున్న చాలుననియు ఆయన నమ్మకము. దీనిని నిరూపించుటకై 1888లో హైదరాబాదు క్లోరోఫారము సంఘము ఏర్పడెను. లండను పత్రికలు సందేహింపగా, ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖానుగారి ధనసహాయముతో 1889లో రెండవ సంఘము ఏర్పడెను. లాన్సెట్ పత్రిక పక్షమున డాక్టరు లాడర్ బ్రంటను లండనునుండి వచ్చి పాల్గొనెను. వందలకొలది జంతువులమీద పరీక్షలు జరిగెను. లారీగారి అభిప్రాయమే స్థిరమైనదని సంఘము తీర్మానించెను.

అయినను రోగుల మరణములు ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ అను వైద్యుడు, క్లోరోఫారము తక్కువ మోతాదులో ఉన్నప్పుడు సయితము గుండె లయ తప్పి గిలగిల కొట్టుకొని తటాలున నిలిచిపోవచ్చునని పరీక్షలచే చూపెను. స్నో చెప్పిన కారణము పూర్తిగా ఇదియే కాకపోయినను, గుండెయే ముందుగా నిలువవచ్చునని ఆయన చెప్పిన మాట నిజమయ్యెను. ఊపిరిని విడువక కనిపెట్టవలెనన్న హైదరాబాదువారి బోధయు వ్యర్థము కాలేదు. నేటి వైద్యులు ఊపిరిని, గుండెను రెంటిని కనిపెట్టుచున్నారు. 20వ శతాబ్ది మధ్యకాలమునకు మేలైన మందులు రాగా, క్లోరోఫారము శస్త్రచికిత్సశాలను విడిచి ప్రయోగశాలకే పరిమితమయ్యెను.

ప్రయోగశాలలో జాగ్రత్తలు

క్లోరోఫారము నేటికిని ఇతర పదార్థములను కరిగించుటకు ప్రయోగశాలలలో వాడబడుచున్నది. స్నోగారు నేర్పిన బుద్ధితో దానిని వాడు విధమును కొంచెము వ్రాయుచున్నాము.

వెలుతురును గాలియు తగిలినచో క్లోరోఫారము మెల్లమెల్లగా చెడి ఫాస్జీను అను వాయువును పుట్టించును. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులను చంపిన విషవాయువులలో ఇదియొకటి. ఇందుచేతనే దానిని ముదురువన్నె సీసాలో, బిగువైన మూతతో, చల్లని చీకటి చోట ఉంచుదురు. నూటికి అరపాలు మొదలు ఒక పాలువరకు ఆల్కహాలు కలుపుదురు. కొందరు తయారీదారులు ఆల్కహాలునకు బదులు, స్నోగారు విడిచిపెట్టిన ఆ ఎమిలీను జాతి ద్రవమునే మిక్కిలి కొద్దిగా కలుపుచున్నారు. రోగులకు పనికిరానిది సీసాను కాపాడుటకు పనికివచ్చినది. అయినను ఈ విషయమున ఆల్కహాలే ఎక్కువ నమ్మదగినది. సీసా తెరచిన తేదీని దానిమీద వ్రాయవలెను. చిరకాలము నిలువయున్న సీసాను ఉపాధ్యాయునికి చూపక తెరువరాదు.

క్లోరోఫారము సులభముగా మండదు గాని మంటచెంత దాని ఆవిరి విషవాయువులుగా మారును; కావున దీపము వెలుగుచోట దానిని పోయరాదు. దాని ఆవిరి గాలికంటె నాలుగు రెట్లు బరువైనదగుటచే క్రిందికి దిగి నేలమట్టమున నిలుచును. ఫ్యూమ్ హుడ్ అనబడు, ఆవిరులను వెలుపలికి లాగివేయు గూటిలోనే దానితో పనిచేయవలెను. తీపి వాసన వచ్చినప్పుడు చూచుకొందమని అనుకొనరాదు. వాసన తెలియునప్పటికే క్షేమమైన హద్దు దాటియుండవచ్చును. చిరకాలము పీల్చినచో కాలేయమును, మూత్రపిండములును చెడును. మనుష్యులకు కాన్సరు కలిగింపవచ్చునని అనుమానింపబడిన వస్తువులలో కూడ ఇది చేరియున్నది. సాధారణమైన పలుచని రబ్బరు చేతితొడుగులగుండ ఇది త్వరలోనే లోపలికి దిగును. తొడుగుమీద చిందినచో వెంటనే మార్చవలెను. కండ్లకు అద్దములు తప్పక ధరింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఎసిటోనుతోను, కాస్టిక్ సోడావంటి ఘాటైన క్షారములతోను క్లోరోఫారమును కలుపరాదు. ఆ మిశ్రమము ఒక్కసారిగా వేడెక్కి సీసాలను పగులగొట్టగలదు. సోడియమువంటి లోహములు తగిలినను ప్రేలుడు సంభవింపవచ్చును. పనియైన పిమ్మట మిగిలినదానిని తొట్టిలో పారబోయక, క్లోరీనుగల ద్రవములకై వేరుగానుంచిన సీసాలోనే పోసి చీటీ అంటింపవలెను. చాల ప్రమాదములు పనిచేయునప్పుడు గాక, పని ముగిసినదని నిశ్చింతగా నున్నప్పుడే సంభవించును.

విద్యార్థులారా! చిన్నపామునైనను పెద్దకర్రతో కొట్టవలెనని మన పెద్దలు చెప్పుదురు. స్నో మహాశయుడు క్లోరోఫారమునకు భయపడి దానిని పారవేయలేదు. దాని తీపి వాసనకు మోసపోయి నిర్లక్ష్యము చేయనులేదు. కొలిచెను, కనిపెట్టియుండెను, వ్రాసికొనెను, తన చేతిలో జరిగిన కీడును దాచక ప్రకటించెను. విన్‌లేటను గ్రామములో గోరు తీయించుకొనబోయి ప్రాణము గోలుపోయిన ఆ పదునైదేండ్ల బాలిక మీ యీడుదే. అట్టి మరణము మరియొకటి సంభవింపకుండుటకై ఒక కూలివాని కుమారుడు తన ఆయువును వెచ్చించెను. మీరు ప్రయోగశాలలో గోధుమవన్నె సీసాను చేతబట్టునప్పుడు, మొదట దాని చీటీని చదువుడు; పిదప కొలిచి, చెప్పినంతయే పోయుడు; పని ముగిసిన వెంటనే మూత బిగించి యథాస్థానమున ఉంచుడు.